కాలు లాగితే అక్కడ నవ్వుతారు

ప్రశ్న: మా టీమ్‌లో బ్రిటన్ వాళ్లూ అమెరికా వాళ్లూ ఉన్నారు. మామూలు ఇంగ్లిష్ చదవడం, రాయడం, మాట్లాడటం బాగానే వచ్చు. మాటల మధ్య జాతీయాలు దొర్లినప్పుడే తికమకపడుతున్నాను. ఒక సహోద్యోగి నా పనికి అడుగడుగునా అడ్డుపడుతుంటే మేనేజర్‌ దగ్గరికి వెళ్లి 'హీ ఈజ్ ఆల్వేస్ పుల్లింగ్ మై లెగ్' అని చెప్పాను. ఆయన నవ్వి, మీరిద్దరూ బాగా కలిసిపోయారు, సంతోషం అన్నారు! ఇంకోసారి మీటింగ్‌లో 'లెట్స్ టేబుల్ దిస్' అన్నారు. ఆ విషయం ఇప్పుడే మాట్లాడాలో, వదిలేయాలో తెలియక ఊరుకున్నాను. పెద్ద ఆపరేషన్ అయిన ఒకావిడకు 'సారీ టు హియర్ యు ఆర్ అండర్ ద వెదర్' అని మెయిల్ పెడితే జవాబే రాలేదు. వెయ్యి జాతీయాల పుస్తకం ఒకటి తెచ్చుకుని 'ఏ' నుంచి వరసగా బట్టీ పడుతున్నాను. 'సి' దగ్గరికొచ్చేసరికి 'ఏ' మర్చిపోతున్నాను. ఇవన్నీ నేర్చుకోక తప్పదా? నేర్చుకునే పద్ధతేమిటి? ఇవేవీ లేకుండా మాట్లాడితే మన ఇంగ్లిష్‌ని తక్కువగా చూస్తారా?
– ఒక పాఠకురాలు

సమాధానం: ముందు ఆ పుస్తకం మూసి పక్కన పెట్టండి. మీ జ్ఞాపకశక్తికి వచ్చిన లోటేమీ లేదు. అక్షరాల వరసలో పేర్చిన జాతీయాలు ఎవరికీ గుర్తుండవు. పక్కపక్కన ఉన్న రెండింటికీ మొదటి అక్షరం కలవడం తప్ప ఇంకే చుట్టరికమూ ఉండదు మరి. మీ ఉత్తరంలో రాసిన మూడు సంఘటనలే ఆ పుస్తకం కన్నా మంచి పాఠాలు. ఒకటి తెలుగు అర్థాన్ని ఇంగ్లిష్ మాటకు అంటగట్టడం, ఇంకొకటి ఏ దేశం వాళ్లు ఏ అర్థంలో అంటున్నారో తేల్చుకోలేకపోవడం, మూడోది అర్థం సరిగ్గా తెలిసినా సందర్భానికి సరిపడని బరువుతో వాడటం. జాతీయాల దగ్గర జరిగే పొరపాట్లు చాలావరకు ఈ మూడింట్లోనే పడతాయి. వాటినే పట్టుకుని మాట్లాడుకుందాం.

మొదటిది కాలు లాగడం. తెలుగులో ఒకరి కాళ్లు పట్టుకు లాగడమంటే ఎదుగుతున్న మనిషిని కిందికి ఈడ్చడం. ఇంగ్లిష్‌లో 'పుల్ సమ్‌వన్స్ లెగ్' అంటే ఆట పట్టించడం, లేనిపోనిదేదో నిజమన్నట్టు చెప్పి కాసేపు నమ్మించి నవ్వుకోవడం. అందులో పగ లేదు, చనువు ఉంది. 'ఆర్ యు పుల్లింగ్ మై లెగ్?' అని ఎవరైనా అడిగితే 'నిజమేనా, నన్ను ఆట పట్టిస్తున్నావా?' అని. కాబట్టి మీ మేనేజర్‌కు వినిపించింది 'అతను నాతో ఎప్పుడూ సరదాగా ఉంటాడు' అని. ఆయన నవ్వడం సహజం. అయితే దీనివల్ల అసలు నష్టం ఒకటి జరిగింది. మీ ఫిర్యాదు ఇప్పటికీ ఆయన చెవిన పడలేదు! అది అలా వదిలేయకండి. మళ్లీ వెళ్లండి, ఈసారి జాతీయం ఊసు లేకుండా చెప్పండి. 'హీ ఈజ్ అండర్‌మైనింగ్ మై వర్క్' అంటే నా పనిని దెబ్బతీస్తున్నాడని సూటిగా అర్థమవుతుంది. అంతకన్నా మంచిది, జరిగింది జరిగినట్టు చెప్పడం: ఫలానా రోజు ఫలానా సమాచారం అడిగాను, ఇవ్వలేదు, దానివల్ల పని ఇన్ని రోజులు వెనకబడింది అని. ఫిర్యాదు, డబ్బు, గడువు, ఆరోగ్యం, ఈ నాలుగింటి దగ్గర మీరుగా జాతీయం జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను.

ఈ చిక్కు కాలితో ఆగదు. మన జాతీయాలూ వాళ్ల జాతీయాలూ బోలెడన్ని ఒంటి అవయవాల మీదే నడుస్తాయి. అవయవం ఒకటే, అర్థం వేరు. తెలిసిన మాటలా కనిపించి దారి తప్పించేవి ఇవే కాబట్టి వీటి దగ్గర కాసేపు ఆగాలి. 'చెయ్యిచ్చాడు' సంగతి చూడండి. వస్తానని నమ్మబలికి తీరా సమయానికి మొహం చాటేసిన మనిషిని మనం చెయ్యిచ్చాడంటాం. ఇంగ్లిష్‌లో 'హీ గేవ్ మి ఎ హ్యాండ్' అంటే సాయం చేశాడు. ముంచినవాడికీ ఆదుకున్నవాడికీ తేడా లేకుండా పోతుంది. నమ్మించి వదిలేశాడని చెప్పాలంటే 'హీ లెట్ మి డౌన్' అనాలి. 'చేతులెత్తేశారు' కూడా అలాంటిదే. మనకది ఓటమి ఒప్పుకోవడం. 'దే రెయిజ్డ్ దెయిర్ హ్యాండ్స్' అంటే మాత్రం ఏదో ప్రశ్న అడగబోతున్నారనో, ఆ పని మేం చేస్తామని ముందుకొచ్చారనో వినేవాళ్లకు తోస్తుంది. ఓటమి ఒప్పుకోవడానికి వాళ్ల మాట 'త్రో ఇన్ ద టవల్'. బాక్సింగ్‌లో తమ మనిషి ఇక దెబ్బలు కాచుకోలేడని తేలినప్పుడు అతని పక్షం వాళ్లు రింగ్‌లోకి తువ్వాలు విసిరి పోటీ ఆపిస్తారు. ఆ దృశ్యం ఒక్కసారి కళ్ల ముందు కదిలితే ఆ మాట ఇక మర్చిపోరు.

కడుపు మంటను మాటకు మాట మార్చి 'స్టమక్ బర్నింగ్' అంటే అందులో అసూయ మిగలదు, అజీర్తి మిగులుతుంది. డాక్టర్‌కి చూపించుకోమని చెబుతారు. అసూయకు 'గ్రీన్ విత్ ఎన్వీ' ఉంది. 'నా బుర్ర తినకు' అనడానికి 'డోంట్ ఈట్ మై హెడ్' అంటే మన చుట్టుపక్కల భాషలు తెలిసినవాళ్లకు తప్ప తలా తోకా అర్థం కాదు. 'యు ఆర్ డ్రైవింగ్ మి అప్ ద వాల్' అనొచ్చు, అదీ బాగా చనువున్న వాళ్లతోనే. కళ్లు నెత్తికెక్కాయి అనాలంటే కళ్లను వదిలేసి నెత్తిని ఉంచుకోండి: 'సక్సెస్ హాజ్ గాన్ టు హిజ్ హెడ్'. ఇక 'గాట్ కోల్డ్ ఫీట్' అని వింటారు. భయంతో కాళ్లూ చేతులూ చల్లబడ్డాయని మనమూ అంటాం కానీ, ఇంగ్లిష్ మాట అంతటితో ఆగదు. ఒప్పుకున్న పనికి తీరా వేళ దగ్గరపడ్డాక జంకి, వెనకడుగు వేయడం దాని అర్థం. ఒట్టి భయానికి అది వాడరు.

అలాగని తెలుగు మీకు అడ్డు అనుకోవద్దు. చాలాచోట్ల అదే మీకు పెద్ద ఆసరా. రెండు భాషలూ ఒకే బొమ్మ గీసిన సందర్భాలు కొల్లలు. 'ఔట్ ఆఫ్ ద ఫ్రయింగ్ పాన్ ఇంటు ద ఫైర్' అంటే అచ్చంగా పెనం మీంచి పొయ్యిలో పడటమే. 'వాల్స్ హావ్ ఇయర్స్' గోడలకు చెవులుండటం, 'స్టాబ్ ఇన్ ద బ్యాక్' వెన్నుపోటు, 'కిల్ టూ బర్డ్స్ విత్ వన్ స్టోన్' ఒకే దెబ్బకు రెండు పిట్టలు. ఇవి నేర్చుకోవాల్సిన పనే లేదు, గుర్తుపడితే చాలు. కొన్నింట్లో బొమ్మ కొంచెం మారుతుంది, సారం అదే. మనం చేతులు దులుపుకుంటే వాళ్లు కడుక్కుంటారు, 'వాష్ యువర్ హ్యాండ్స్ ఆఫ్ ఇట్' అని. ఏసుకు శిక్ష విధించే వేళ పిలాతు జనం ముందు చేతులు కడుక్కున్న బైబిల్ ఘట్టం దాని వెనక ఉంది. మనం పుండు మీద కారం చల్లితే వాళ్లు ఉప్పు రుద్దుతారు. ముందు నుయ్యి వెనక గొయ్యి వాళ్లకు 'బిట్వీన్ ద డెవిల్ అండ్ ద డీప్ బ్లూ సీ'. గోరంతలు కొండంతలు చేయడం 'మేక్ ఎ మౌంటెన్ ఔట్ ఆఫ్ ఎ మోల్‌హిల్', డొంకతిరుగుడుగా మాట్లాడటం 'బీట్ అరౌండ్ ద బుష్'. నాకు అన్నిటికన్నా ఇష్టమైన జంట 'ఎ స్టోన్స్ త్రో' , 'కూతవేటు దూరం'. దగ్గరితనాన్ని వాళ్లు రాయి విసిరి కొలిచారు, మనం గొంతెత్తి పిలిచి కొలిచాం.

ఇక మీ రెండో సంఘటన. 'లెట్స్ టేబుల్ దిస్' అన్నప్పుడు మీరు తికమకపడటం చాలా సబబు. బ్రిటన్‌లో 'టేబుల్' చేయడమంటే ఒక విషయాన్ని చర్చకు పెట్టడం. అమెరికాలో అదే మాటకు ప్రస్తుతానికి పక్కన పెట్టేయడమని అర్థం. రెండూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్, అమెరికన్ సైనికాధికారుల సమావేశంలో ఈ ఒక్క మాట మీద చాలాసేపు వాదన నడిచిందని చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాల్లో రాశాడు. తాము తయారుచేసిన పత్రాన్ని వెంటనే చర్చించాలని బ్రిటిష్ వాళ్లు 'టేబుల్' చేద్దామన్నారు. ఇంత ముఖ్యమైనదాన్ని అటకెక్కించడమేమిటని అమెరికన్లు ససేమిరా అన్నారు. మాటామాటా పెరిగాక తేలిందేమిటంటే, అసలు విషయంలో ఇద్దరిదీ ఒకే అభిప్రాయం! పుట్టుకతో ఇంగ్లిష్ వచ్చినవాళ్లకే ఇలా జరిగింది, మీరు చిన్నబుచ్చుకోవాల్సింది ఏమీ లేదు.

అలాంటప్పుడు జాతీయానికి అర్థమేమిటని అడగక్కర్లేదు. ఇప్పుడేం చేయాలో అడగండి: 'డూ యు మీన్ వుయ్ డిసైడ్ దిస్ టుడే, ఆర్ లీవ్ ఇట్ ఫర్ లేటర్?' ఈ ప్రశ్న వేసినందుకు మీకు భాష రాదని ఎవరూ అనుకోరు, పని మీద శ్రద్ధ ఉందనుకుంటారు. మీ టీమ్‌లో రెండు దేశాల వాళ్లూ ఉన్నారు కాబట్టి ఆ ప్రశ్న మీకొక్కరికే కాదు, అక్కడున్న ఇంకొకరిద్దరికీ అవసరమై ఉంటుంది.

బ్రిటన్, అమెరికాల తేడా మీకు ఇంకోచోట గట్టిగా తగులుతుంది, ఆటల దగ్గర. బ్రిటిష్ వాళ్ల మాటల్లో క్రికెట్ ఎక్కువ, అమెరికన్ల మాటల్లో బేస్‌బాల్ ఎక్కువ. క్రికెట్ చూసినవాళ్లకు 'ఆన్ ద బ్యాక్ ఫుట్' అంటే దాడి మాని కాచుకునే స్థితిలో పడటమని విడమరిచి చెప్పక్కర్లేదు. 'స్టికీ వికెట్' అంటే చిక్కు పరిస్థితి. అయితే 'ద న్యూస్ నాక్డ్ మి ఫర్ సిక్స్' దగ్గర జాగ్రత్త. సిక్సర్ అనగానే మనకు సంబరం గుర్తొస్తుంది. ఇక్కడ మీరు బ్యాట్ పట్టిన మనిషి కారు, దెబ్బ తిన్న బంతి. ఆ వార్తకు కుదేలైపోయానని అర్థం. అలా అన్నవాళ్లకు శుభాకాంక్షలు చెబితే బాధపడతారు.

బేస్‌బాల్ మాటలకు ఆట తెలియకపోయినా ఫర్వాలేదు, చూచాయగా తెలిస్తే చాలు. 'బాల్‌పార్క్ ఫిగర్' అంటే ఉజ్జాయింపు లెక్క. మీ మేనేజర్ అది అడిగితే పైసలతో సహా లెక్క కట్టుకుంటూ కూర్చోవద్దు. 'టచ్ బేస్' అంటే ఒకసారి మాట్లాడి సంగతులు తెలుసుకోవడం. 'కర్వ్‌బాల్' అనుకోకుండా వచ్చిపడిన ఇబ్బంది. 'రెయిన్ చెక్' వెనక చక్కని సంగతి ఉంది. వర్షం వచ్చి ఆట ఆగిపోతే, టికెట్ కొన్నవాళ్లు ఇంకో రోజు వచ్చి చూసేందుకు ఇచ్చే చీటీ అది. 'కెన్ ఐ టేక్ ఎ రెయిన్ చెక్?' అంటే ఈసారికి కుదరదు, మరోసారి పిలిస్తే వస్తానని మర్యాదగా తప్పుకోవడం. బ్యాట్ రెండు ఆటల్లోనూ ఉంది, అందుకే రెండు మాటలు పుట్టాయి. 'రైట్ ఆఫ్ ద బ్యాట్' అమెరికన్ మాట, వెంటనే అని. 'ఆఫ్ హర్ ఓన్ బ్యాట్' బ్రిటిష్ మాట, ఎవరూ చెప్పకుండా తనంతట తానుగా అని.

మూడో సంఘటన నాకు కాస్త కష్టమనిపించింది, ఎందుకంటే మీరు రాసిన దాంట్లో అర్థం తప్పేమీ లేదు. 'అండర్ ద వెదర్' అంటే ఒంట్లో నలతగా ఉండటమే. కానీ అది జలుబుకు, కాస్త జ్వరానికి, ఒకరోజు సెలవు పెట్టే పాటి నలతకు సరిపోయే మాట. పెద్ద ఆపరేషన్ అయిన మనిషికి అది చాలా తేలిక. తెలుగులోనైనా అంతే కదా, ఐసీయూలో ఉన్న మనిషిని 'ఒంట్లో కాస్త నలతగా ఉందటగా' అని పలకరించం. అయినా ఆవిడ జవాబివ్వకపోవడానికి మీ మాటే కారణమని తీర్మానించుకోకండి. ఆపరేషన్ తర్వాత మెయిళ్లు చూసే ఓపిక ఎవరికుంటుంది? ఇంకో రెండు వాక్యాలు రాయండి. పాత మెయిల్ సంగతి ఎత్తకుండా 'ఐ హావ్ బీన్ థింకింగ్ ఆఫ్ యు. ఐ హోప్ యు ఆర్ రికవరింగ్ వెల్' అంటే సరిపోతుంది.

బరువు సంగతి వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. జాతీయాల జాబితాలన్నింట్లో 'కిక్ ద బకెట్' అంటే చనిపోవడం అని ఉంటుంది. అర్థం అదే. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన వేసిన మోటు మాటల నిఘంటువులోకే అది ఎక్కింది. ఎక్కిన చోటు చూస్తేనే దాని స్థాయి తెలుస్తుంది. తెలుగులో 'గుటుక్కుమన్నాడు', 'టపా కట్టేశాడు' ఎలాంటివో ఇదీ అలాంటిదే. సంతాపంలో 'పాస్డ్ అవే' అనాలి, లేదా నేరుగా 'డైడ్' అనాలి. జాబితా మీకు అర్థం చెబుతుంది కానీ ఆ మాట ఎవరి ముందు అనకూడదో చెప్పదు. జాబితాల మీద నాకున్న అసలు అభ్యంతరం ఇదే. ఇంకో అభ్యంతరం, అవి పాతబడిన మాటలను కూడా కొత్తవాటి పక్కనే కూర్చోబెడతాయి. 'ఇట్స్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' లేని పుస్తకం ఉండదు. కుండపోత వానలో నిలబడిన మనుషులు మాత్రం ఈ రోజుల్లో ఎక్కువగా 'ఇట్స్ పోరింగ్' అనే అంటారు.

ఆ కుక్కలూ పిల్లుల సామెత గురించే ఒక కథ ప్రచారంలో ఉంది. పాతకాలంలో పూరికప్పుల మీద పడుకున్న కుక్కలూ పిల్లులూ వానకు జారి కిందపడేవని, అందుకే ఆ మాట పుట్టిందని. 1999లో ఎవరెవరికో చేతులు మారుతూ తిరిగిన ఒక ఈమెయిల్‌తో ఈ కథ ఊరూవాడా పాకింది. అది కల్పన. ఇంగ్లిష్ జాతీయాల చుట్టూ ఇలాంటి పుట్టుక కథలు చాలా ఉన్నాయి, వినడానికి ఎంత ముచ్చటగా ఉంటే అంత అనుమానించాలి. కానీ ఆధారం దొరికిన కథలు నేర్చుకోవడానికి నిజంగా పనికొస్తాయి. 'బైట్ ద బుల్లెట్' అంటే తప్పనిసరి కష్టాన్ని పంటి బిగువున భరించి ముందుకెళ్లడం. గ్రోస్ నిఘంటువులోనే మరోచోట, కొరడా దెబ్బలు తినే సైనికులు కేకలు వేయడం నామోషీ అనుకుని నోట్లో తూటా పెట్టుకుని నమిలేవారని ఉంది. మన 'పంటి బిగువు'కూ ఆ తూటాకూ ఎంత దగ్గరో చూడండి. ఆ పోలిక ఒక్కటి చాలు ఆ మాట గుర్తుండటానికి.

'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' ఇంకా ఆసక్తికరం. ఎప్పుడో అరుదుగా అని అర్థం, మనం 'అమావాస్యకో పున్నానికో' అంటామే, అది. చంద్రుడు నీలంగా కనిపించడం కల్ల కాదు. 1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు ఆ ధూళి ఆకాశమంతా కమ్మి, చాలాచోట్ల చంద్రుడు నీలిరంగులో కనిపించాడు. ఇప్పుడు మాత్రం ఒకే నెలలో రెండో పున్నమి వస్తే దాన్ని బ్లూ మూన్ అంటున్నారు. ఈ లెక్క ఒక పొరపాటు నుంచి వచ్చింది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు రైతుల పంచాంగంలో, మూడు నెలల ఋతువులో మామూలుగా వచ్చే మూడు పున్నములకు బదులు నాలుగు వస్తే అందులో మూడోదాన్ని బ్లూ మూన్ అనేవారు. 1946లో ఒక ఖగోళ పత్రికలో రాసిన వ్యాసంలో జేమ్స్ హ్యూ ప్రూయెట్ దాన్ని తప్పుగా అర్థం చేసుకుని నెలలో రెండో పున్నమి అన్నాడు. ఆ పత్రిక 1999లో తన పొరపాటు ఒప్పుకుంది. అప్పటికే లోకమంతా దాన్నే నమ్మేసింది. ఆ లెక్కన చూసినా బ్లూ మూన్ రెండున్నర, మూడేళ్లకోసారి వస్తుంది. కాబట్టి మన అమావాస్యా పున్నమీ కన్నా వాళ్ల బ్లూ మూన్ మరింత అరుదు. నెలకోసారి జరిగేదానికి ఈ మాట వాడకండి.

ఇంకో సంగతి, జాతీయాన్ని ఎంతవరకు కదిలించవచ్చు అన్నది. తెలుగులో నిమ్మకు నీరెత్తినట్టు అంటాం, నారింజకు నీరెత్తినట్టు అంటే ఎవరికీ ఏమీ తోచదు. ఇంగ్లిష్‌లోనూ మాటల వరస మార్చి 'డాగ్స్ అండ్ క్యాట్స్' అంటే చెవికి గుచ్చుకుంటుంది. కొన్ని మాత్రం కాస్త వంగుతాయి. నన్‌బర్గ్, సాగ్, వాసో అనే ముగ్గురు భాషావేత్తలు 1994లో దీని మీద రాసిన వ్యాసం భాషాశాస్త్రంలో ప్రసిద్ధం. గుట్టు రట్టు చేయడమనే 'స్పిల్ ద బీన్స్'లో స్పిల్ అంటే బయటపెట్టడమనీ, బీన్స్ అంటే రహస్యమనీ ముక్క ముక్కకూ అర్థం పంచుకోవచ్చు. అందుకే 'ద బీన్స్ వర్ స్పిల్డ్' అన్నా చెల్లుతుంది. 'కిక్ ద బకెట్'లో బకెట్‌కు విడిగా అర్థమేమీ లేదు, కాబట్టి 'ద బకెట్ వాజ్ కిక్డ్' అంటే ఎవరో నిజంగానే బకెట్‌ను తన్నారనుకుంటారు. మీకు దీని సూత్రాలు అక్కర్లేదు. విన్నది విన్నట్టే, 'ఎ', 'ద'లతో సహా వాడితే చాలు.

ఇప్పుడు పద్ధతి. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, కానీ అందులో అక్షర క్రమం వద్దు, సందర్భాల క్రమం పెట్టండి. పని ఆలస్యమైనప్పుడు అనే మాటలకు ఒక పేజీ, ఒప్పుకోవడానికి, కాదనడానికి ఒకటి, మనుషుల మధ్య పొరపొచ్చాలకు ఒకటి. ప్రతి మాటకూ అర్థం ఒక్కటే రాసి ఊరుకోవద్దు. ఎవరు, ఎవరితో, ఏ గొంతుతో అన్నారో రాయండి. ఉదాహరణకు ఇలా: 'ద బాల్ ఈజ్ ఇన్ దెయిర్ కోర్ట్. క్లయింట్ ఇంకా జవాబివ్వలేదని నేనంటే మా మేనేజర్ అన్నారు. మనం చేయాల్సింది చేశాం, ఇక కదలాల్సింది వాళ్లే అని. టెన్నిస్ మాట. విసుగు లేదు, నిదానంగానే అన్నారు.' ఇలా రాసుకున్న నాలుగు వాక్యాలు మీ పుస్తకంలోని నాలుగు పేజీల పెట్టు.

తర్వాత ఆ మాటను ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ వాళ్ల లెర్నర్ డిక్షనరీల్లో ఏదో ఒకదాంట్లో చూడండి. ఇవి ఇంగ్లిష్‌ను నేర్చుకునేవాళ్ల కోసమే తయారైనవి. ఇన్‌ఫార్మల్, ఓల్డ్ ఫ్యాషన్డ్, హ్యూమరస్, బ్రిటిష్, అమెరికన్ అని జాతీయం పక్కన చిన్న గుర్తులుంటాయి. అర్థం కన్నా ముందు ఆ గుర్తు చదవడం అలవాటు చేసుకోండి. 'కిక్ ద బకెట్' పక్కన ఉన్న ఆ ఒక్క మాట మిమ్మల్ని చాలా ఇబ్బందుల నుంచి కాపాడుతుంది.

అర్థం చేసుకోవాల్సినవి ఎన్నో ఉంటాయి, నోటితో వాడాల్సినవి చాలా తక్కువ. ఈ రెంటినీ కలపడం వల్లే మీకింత బరువుగా అనిపిస్తోంది. ఒక మాటను కనీసం ముగ్గురు వేర్వేరు మనుషుల నోట విన్నాకే మీరు వాడండి. అప్పటికి దాని వాడుక, గొంతు, చనువు మీకు తెలియకుండానే పట్టుబడతాయి. విన్న వెంటనే పట్టుకోవాల్సినవి మీ ఆఫీసులో కొన్ని ఉంటాయి. 'ఇట్స్ స్టిల్ అప్ ఇన్ ద ఎయిర్' అంటే ఇంకా ఏదీ తేలలేదు. 'బ్యాక్ టు స్క్వేర్ వన్' అంటే వ్యవహారం మళ్లీ మొదటికొచ్చింది. 'డోంట్ కట్ కార్నర్స్' అంటే పని తూతూమంత్రంగా కానివ్వొద్దు. 'హీ త్రూ మి అండర్ ద బస్' అంటే తాను తప్పించుకోవడానికి నన్ను బలిపశువును చేశాడు. చివరిది తీవ్రమైన ఆరోపణ, మీరు వినొచ్చు కానీ తొందరపడి అనొద్దు. 'ది ఎలిఫెంట్ ఇన్ ద రూమ్' అన్నారంటే అందరికీ తెలిసీ ఎవరూ ఎత్తని విషయం ఏదో అక్కడుంది, అదేమిటో జాగ్రత్తగా వినండి.

తక్కువగా చూస్తారా అని అడిగారు. చూడరు. సూటిగా, శుభ్రంగా ఉన్న ఇంగ్లిష్‌కు ఎక్కడైనా గౌరవం ఉంది. విమానాల మరమ్మతు పుస్తకాల కోసం 1980లలో సరళమైన ఇంగ్లిష్ నియమాలు ప్రత్యేకంగా తయారుచేశారు. ఒక మాటకు ఒకే అర్థం ఉండాలన్నది అందులో ముఖ్యమైన నియమం. ఆ పుస్తకాలు చదివేవాళ్లలో చాలామందికి ఇంగ్లిష్ మాతృభాష కాదు, అక్కడ ఒక్క మాట అటూ ఇటూ అయితే ప్రాణాల మీదికొస్తుంది. నలుగురు నాలుగు దేశాల నుంచి కూర్చున్న మీటింగ్‌లోనూ జాతీయాలు తగ్గించి మాట్లాడే మనిషే అందరికీ మేలు చేస్తారు.

అయినా వాడాలని మీకు సరదాగా ఉంటే కాదనను, భాష నేర్చుకోవడంలో ఆ ఆనందం కూడా ఉండాలి. ఎవరినీ నొప్పించనివి, రెండు దేశాల్లోనూ ఒకే అర్థంలో చెల్లేవి నాలుగు చెబుతాను. ముందుగా గట్టి ప్రణాళిక వేసుకోకుండా అప్పటి పరిస్థితిని బట్టి చూసుకుందాం అనడానికి 'లెట్స్ ప్లే ఇట్ బై ఇయర్'. సంగీతంలో రాసి ఉన్న స్వరాలు చూడకుండా చెవిని నమ్ముకుని వాయించడం నుంచి వచ్చింది. ఇవాళ్టికి చాలిద్దాం అనడానికి 'లెట్స్ కాల్ ఇట్ ఎ డే'. ఎప్పటికప్పుడు నాకూ తెలియజేస్తుండండి అనడానికి 'ప్లీజ్ కీప్ మి ఇన్ ద లూప్'. అందరం విషయాన్ని ఒకేలా అర్థం చేసుకున్నామా అని అడగడానికి 'ఆర్ వుయ్ ఆన్ ద సేమ్ పేజ్?' ఈ నాలుగో మాట మీటింగ్ ముగిసే ముందు ఒకసారి అడిగి, ఎవరు ఏం చేయాలో, ఎప్పటికి చేయాలో మామూలు ఇంగ్లిష్‌లో రెండు వరసలు రాసి అందరికీ పంపండి.